ఇంటి దొంగలు

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పెద్దల మాట. బయటి దొంగ కొరకు తలుపుకు గడియ, దొడ్డికి ముళ్ళకంచె, వాకిట కుక్క - ఇన్ని కాపలాలు ఉన్నవి. ఇంట పుట్టి ఇంట పెరిగినవాని మీద అనుమానం ఎవరికి కలుగుతుంది? సొమ్ము పోయిన మరునాడు అందరితోపాటు మూలమూలలా వెదికేవాడూ వాడే. మనుష్యుని చర్మానికి కలిగే బాధలలో కొన్నింటికి ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది.

తెలుగునాట ఏ ఊళ్ళోనైనా కనిపించే సంగతి ఒకటి ఉన్నది. నలభై ఏళ్ళ ఇల్లాలికి నుదుట, సరిగా బొట్టు పెట్టుకొనే చోట, దురద ఆరంభమవుతుంది. కొన్నాళ్ళకు అక్కడి చర్మం గరుకెక్కి నల్లబడుతుంది. పొరుగింటి పిన్నిగారు చూచి, "వంకాయ మానెయ్యమ్మా" అంటుంది. వంకాయ పోతుంది. ఆ తరువాత గోంగూర పోతుంది. కోడిగ్రుడ్డు, ఎండుచేప కూడా పోతవి. స్నానం సబ్బు మారుతుంది. చివరకు బావినీటి మీద సైతం నేరం పడుతుంది. దురద మాత్రం పోదు. ఎవరైనా బొట్టు మాట ఎత్తితే ఆమె నవ్వివేస్తుంది: "ఇరవై ఏళ్ళనుంచి పెట్టుకుంటున్న కుంకుమే కదండీ! దానివల్ల అయితే ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

ఈ ప్రశ్న పైకి ఎంతో సహేతుకంగా కనిపిస్తుంది. బాగా చదువుకున్నవారు సైతం ఇదే ప్రశ్న వేస్తారు. కాని ఎలర్జీ అనబడే వ్యాధుల విషయంలో పొరపాటంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది. చిరకాలంగా వాడుతున్నామన్నది ఒక వస్తువు నిర్దోషిత్వానికి సాక్ష్యం కాదు. కొత్త వస్తువును చర్మం ఎరుగదు. ఎరిగిన వస్తువు మీదనే అది తిరగబడుతుంది.

"పడదు" అనే మాట

"ఒంటికి పడదు" అనే మాట తెలుగులో తరతరాలుగా ఉన్నది. ఒకరికి పనసతొన పడదు, ఇంకొకరికి రొయ్య పడదు. పదిమందికి హితమైనది ఒకరికి అహితం కావచ్చునన్న గ్రహింపు ఆ చిన్న మాటలో ఇమిడి ఉన్నది. అయితే నిన్నటిదాకా పడిన వస్తువు నేడు పడకపోవడం ఎందువలన అన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి ఇరవయ్యవ శతాబ్దం రావలసి వచ్చింది.

వియన్నా నగరంలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే శిశువైద్యుడు ఉండేవాడు. ఆ రోజులలో డిఫ్తీరియా వంటి వ్యాధులకు గుఱ్ఱపు రక్తం నుంచి తీసిన సీరాన్ని సూదిమందుగా ఇచ్చేవారు. పిర్కే, ఆయన సహచరుడు బేలా షిక్ కలిసి ఒక విచిత్రాన్ని గమనించారు. మొదటిసారి సీరం పుచ్చుకొన్న పిల్లలలో కొందరికి వారం పది రోజులు గడచిన తరువాత జ్వరం, దద్దుర్లు వచ్చేవి. అటువంటి బిడ్డకే కొంతకాలానికి రెండవసారి సూది వేస్తే, అవే లక్షణాలు ఎంతో త్వరగా, మరింత తీవ్రంగా కనిపించేవి. సీరం అదే. మారినది మందు కాదు, బిడ్డ శరీరం. మొదటి పరిచయం ఆ శరీరానికి ఏదో నేర్పింది. ఈ మారిన ప్రవర్తనకు పిర్కే 1906లో "ఎలర్జీ" అని పేరు పెట్టాడు. "వేరు", "పని" అనే అర్థాలు గల రెండు గ్రీకు మాటల కలయిక అది.

కోటగోడ మీది కావలివారు

చర్మం ఒంటిమీద కప్పిన వస్త్రం వంటిది కాదు, కావలివారు తిరుగుతున్న కోటగోడ వంటిది. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్యవిద్యార్థి చర్మపు ముక్కకు రంగు పట్టించి సూక్ష్మదర్శినితో పరీక్షించి, పైపొరలో కొమ్మలు చాచిన చెట్లవంటి కణాలను చూచాడు. అవి నాడులకు సంబంధించినవని అతడు తలచాడు. అవే చర్మానికి కావలివారని తేలడానికి ఇంచుమించు నూరేళ్ళు పట్టింది. ఒక విద్యార్థి చూచిన ఆ కణాలను నేటికీ అతని పేరుతోనే పిలుస్తున్నారు.

చర్మం లోపలికి ఏదైనా రసాయనం ఇంకినప్పుడు అది అక్కడి మాంసకృత్తులకు అతుక్కొంటుంది. కావలి కణం దానిని పట్టుకొని సమీపంలోని లసికాగ్రంథికి తీసుకొనిపోయి, అక్కడి తెల్లకణాలకు చూపుతుంది. ఆ కణాలలో కొన్ని దాని ఆనవాళ్ళు గుర్తు పెట్టుకొంటవి. ఇదంతా జరగడానికి రెండు వారాలలోపు కాలం చాలు. ఆ సమయంలో పైకి దురద లేదు, మచ్చ లేదు. పైగా ఈ గుర్తింపు మొదటి స్పర్శతోనే జరగవలెనన్న నియమం లేదు. వేయిసార్లు తాకినా జరగకపోవచ్చు, వేయిన్నొకటవసారి జరగవచ్చు. ఒకసారి జరిగిన తరువాత ఆ జ్ఞాపకం ఏళ్ళతరబడి, అనేకులలో జీవితాంతం నిలుస్తుంది. అటుపిమ్మట ఆ వస్తువు లవలేశం సోకినా చర్మం ఎఱ్ఱబడి, పొక్కి, స్రవిస్తుంది.

ఇందులో మరొక మెలిక ఉన్నది. ఈ తిరుగుబాటు తాకిన వెంటనే రాదు. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సోమవారం తాకినది బుధవారం మండుతుంది. బుధవారం నాడు తిన్న వంకాయ శిక్ష అనుభవిస్తుంది.

నుదుటి మచ్చ

ఇప్పుడు ఆ ఇల్లాలి కుంకుమ దగ్గరకు రావచ్చు. పసుపుకు క్షారం తగిలితే ఎఱ్ఱబడుతుందని బడిలో పసుపుకాగితంతో పరీక్ష చేసిన ప్రతి విద్యార్థికీ తెలుసు. వెనుకటి ఇళ్ళలో పసుపుకొమ్ములతో కుంకుమ చేసుకొనడం ఆ ధర్మం ఆధారంగానే. నేడు బజారులో అమ్మే కుంకుమలు అనేకం అటువంటివి కావు. వాటి ఎఱుపు కర్మాగారంలో తయారైన రంగులది. సువాసనకు కలిపే ద్రవ్యాలు వేరు. డబ్బా మీద కుంకుమ అన్న పేరు అదే అయినా లోపలి వస్తువు మారవచ్చు. వస్తువు మారకపోయినా పిర్కే చూచిన బిడ్డవలె చర్మం మారవచ్చు. ఏ విధంగా చూచినా "ఇరవై ఏళ్ళు" అన్న సాక్ష్యం నిలువదు.

కుంకుమ మానిన కొందరు బొట్టుబిళ్ళకు మారుతారు. దీని వెనుక వేరొక ప్రమాదం పొంచి ఉన్నది. కొన్ని బిళ్ళలను నుదుట నిలిపే జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే కణాలు టైరోసిన్ అనే పదార్థంతో వర్ణాన్ని తయారు చేస్తవి. ఈ రసాయనం నిర్మాణంలో టైరోసిన్‌ను పోలి ఉంటుంది. రూపం చూచి మోసపోయిన కణం దానిని లోపలికి రానిస్తుంది. దాని విషానికి తానే నశిస్తుంది. అప్పుడు నుదుట బిళ్ళ ఉన్నంత మేర తెల్లని మచ్చ మిగులుతుంది.

ఇటువంటి మచ్చ బొట్టుతో మొదలైనది కాదు. 1939లో అమెరికాలోని ఒక తోళ్ళ కర్మాగారంలో పనివారి చేతులు తెల్లబడినవి. కారణం వారు చేతులకు తొడుగుకొన్న రబ్బరు తొడుగులు. రబ్బరు పాడుకాకుండా అందులో కలిపిన ఒక ఫినాల్ జాతి రసాయనం ఆ పని చేసింది. చేతులను కాపాడడానికి ఇచ్చిన వస్తువే చేతులకు హాని చేసింది. రబ్బరు చెప్పుల పట్టీల క్రింద పాదాల మీద వచ్చే కొన్ని తెల్లమచ్చలూ ఈ జాతివే.

ఈ మచ్చతో కలిగే బాధ చర్మంతో ఆగదు. తెల్లమచ్చ కనిపించగానే లోకం "బొల్లి" అంటుంది. ఆ ఒక్క మాటతో పెళ్ళికెదిగిన పిల్ల సంబంధాలు వెనుకకు పోతవి. తరగతిలో పక్క విద్యార్థి దూరం జరుగుతాడు. నిజమైన బొల్లి కూడా అంటువ్యాధి కాదు. దానిని చూచి జంకవలసిన పని ఎవరికీ లేదు. అది అటుంచి, బిళ్ళ వలన వచ్చిన మచ్చను ఆదిలోనే గుర్తించి బిళ్ళ మానివేస్తే కొందరికి రంగు తిరిగి వస్తుంది. ఆలస్యం చేస్తే మచ్చ నిలిచిపోవచ్చు. కొందరిలో బిళ్ళ తగలని చోట్లకు సైతం ప్రాకవచ్చు. ఆ మచ్చ కనబడకుండా ఇంకా పెద్ద బిళ్ళ అంటించుకొనేవారు ఉన్నారు. దొంగకు తాళపుచెవి ఇవ్వడమంటే ఇదే.

తలరంగు, గిల్టునగ

నుదుటికి పైన, క్రింద కూడా ఇటువంటి పరిచితులే ఉన్నారు. నెరసిన జుట్టును నల్లబరచే రంగులలో చాలవాటికి ప్రాణం పారాఫెనిలిన్ డైఅమీన్ అనే పదార్థం. పదేళ్ళపాటు నెలనెలా వాడినవారికి ఒకనాడు చెవుల వెనుక దురద పుడుతుంది. మరునాటికి కనురెప్పలు వాచి కన్నులు మూసుకొనిపోవచ్చు. రంగు వేసినది తలకు కనుక ముఖం వాపుకు వేరే కారణం వెదుకుతారు. తలచర్మం కంటె కనురెప్పలు, చెవులు పలుచన. అందుచేత అవే ముందు లొంగుతవి. పెళ్ళిళ్ళలో చేతులకు పెట్టే నల్ల గోరింటాకులోనూ ఈ పదార్థాన్ని కలపడం కద్దు. రోటిలో నూరిన గోరింటాకు ఎఱ్ఱగా పండుతుందే కాని నల్లగా పండదు. పెళ్ళిలో ఒక పూట ముచ్చటకు పెట్టిన ఆ నలుపుతో చిన్నపిల్ల చర్మం నేర్చుకొన్న పాఠం, ముప్పై ఏళ్ళ తరువాత తలరంగు వేసుకొన్ననాడు జ్ఞాపకం రావచ్చు. రంగు వేయడానికి 48 గంటల ముందు చర్మం మీద కొద్దిగా పూసి పరీక్షించుకొనవలెనని పెట్టె మీద అచ్చువేస్తారు. ఒకసారి వాపు వచ్చినవారు ఆ పరీక్ష కూడా ఇంట చేసుకొనరాదు. ఆ జాతి రంగులకు స్వస్తి చెప్పి వైద్యుని చూడవలె.

మెడలో గిల్టు గొలుసు, చెవికి గిల్టు జూకా, పుస్తెలతాడుకు ఆపద్ధర్మంగా వ్రేలాడే పిన్నీసు, మణికట్టున గడియారపు పట్టీ - వీటిలో దాగినవాని పేరు నికెల్. చెమట తగిలినప్పుడు ఈ లోహం అణుమాత్రంగా కరగి చర్మంలోకి దిగుతుంది. కొత్తగా కుట్టిన చెవికి గిల్టునగ పెట్టడం తలుపు తెరచి పిలవడం వంటిది. 1990లో డెన్మార్కు దేశం చర్మానికి తగిలి ఉండే వస్తువులనుంచి నికెల్ ఊరకుండా చట్టంతో పరిమితి విధించింది. తరువాత ఐరోపా దేశాలు ఆ మార్గాన నడచినవి. ఆ చట్టం వచ్చిన తరువాత చెవులు కుట్టించుకొన్న బాలికలలో నికెల్ ఎలర్జీ తగ్గినట్లు అక్కడి వైద్యులు చూచారు. ఈ దొంగను పట్టే సాధనం రసాయనశాస్త్రపు ప్రయోగశాలలోనే ఉన్నది. డైమిథైల్ గ్లయాక్సీమ్ ద్రావణం, అమ్మోనియా చెరొక చుక్క దూదిమీద వేసి నగను రుద్దితే, నికెల్ ఊరుతున్నప్పుడు దూది గులాబిరంగు తిరుగుతుంది. రష్యను శాస్త్రజ్ఞుడు చుగాయెవ్ 1905లో ప్రకటించిన పరీక్ష ఇది. తరగతిలో ఉపాధ్యాయుని సమక్షాన ఒక్కమారు చేసి చూపితే, ఆ పాఠాన్ని పిల్లలు మరచిపోరు.

వంటయిల్లు, చాకిరేవు

వ్రేళ్ళు చెప్పే సాక్ష్యం మరింత చిత్రమైనది. కుడిచేతివాటం గల వంటమనిషికి ఎడమచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు - ఈ మూడింటి కొనలే పగిలి మండుతుంటే, వైద్యుడు మొదట అడిగేది వెల్లుల్లిని గూర్చి. కత్తి కుడిచేతిలో ఉంటుంది. రెబ్బను పట్టుకొనేవి ఆ మూడు వ్రేళ్ళే. రోగి నోరు విప్పకముందే మచ్చ ఉన్న తావు కారణాన్ని చెబుతుంది.

అయితే వంటయింటి పగుళ్ళన్నీ ఎలర్జీలు కావు. ఆరోగ్యవంతమైన చర్మపు పైభాగం కొంచెం ఆమ్లగుణం కలది. సబ్బు క్షారగుణం కలది. రోజుకు పదిసార్లు సబ్బునీటిలో చేతులు నానితే, చర్మపు పొరలనడుమ ఉండే చమురు కరగిపోయి ఎవరి చేతులైనా పగులుతవి. ఇందులో జ్ఞాపకం లేదు, పగ లేదు, ఒట్టి ఒరిపిడి. కాని పగిలిన గోడలోనుంచి దొంగ సులభంగా దూరుతాడు. అందుచేత పాత్రలు తోమిన వెంటనే చేతులు మంచినీటితో కడిగి, తుడిచి, కొబ్బరినూనె వంటిది రాయడం చిన్న అలవాటే అయినా పెద్ద రక్షణ.

ఇంటి బట్టలలో దాగిన ఒక దొంగను పట్టిన కథ యుద్ధకాలానిది. రెండవ ప్రపంచయుద్ధంలో మన దేశానికి వచ్చిన అమెరికను సైనికులలో కొందరికి మెడ వెనుక, నడుము దగ్గర పొక్కులు లేచేవి. పురుగు కుట్టిందనీ, గజ్జి అనీ అనేక అనుమానాలు నడచినవి. తీరా చూస్తే పొక్కు ఉన్నచోటనే చొక్కా లోపల చిన్న నల్లగుర్తు ఉన్నది. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి రజకులు నల్లజీడి రసంతో పెట్టే గుర్తు అది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. అమెరికను సైనిక వైద్యులు 1943లో ఈ సంగతిని ప్రకటించారు. సైనికులు నల్లజీడిని ఎన్నడూ ఎరుగరు కదా, వారి చర్మం ఎట్లా ఎరిగింది? వారి దేశంలో పాయిజన్ ఐవీ అనే విషపు తీగ ఉన్నది. నల్లజీడి, ఆ తీగ, జీడిమామిడి, మన తోటలోని మామిడి - అన్నీ ఒకే కుటుంబం. చిన్ననాడు పొలాలలో ఆ తీగతో పరిచయమైన చర్మం, సముద్రాలు దాటి వచ్చిన తరువాత దాని బంధువును పోల్చుకొన్నది. వేసవిలో మామిడికాయ సొన తగిలి పిల్లల మూతులు పొక్కడం ఈ వంశలక్షణమే. ముచ్చిక తీసి, సొన కారనిచ్చి, కడిగి తినమని పెద్దలు చెప్పే మాటలో శాస్త్రం ఉన్నది.

పెరడు, పడక

నల్లజీడి మన అడవిచెట్టు. బయటనుంచి వచ్చి పెరటిలో స్థిరపడినది వయ్యారిభామ. కాంగ్రెసుగడ్డి అని కూడా అనే ఈ మొక్క అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలది. మన దేశంలో 1955లో పూనాలో గుర్తించబడి, తరువాత దేశమంతటా వ్యాపించింది. తెల్లని చిన్నపూలు చూచి దీనిని నిరపాయమైనదని తలచేవారు ఉన్నారు. దీనిలోని పార్థెనిన్ అనే పదార్థం ఎండిన ఆకుల ధూళితోపాటు గాలిలో ఎగిరి కనురెప్పలమీద, మెడ మడతలలో, మోచేతి ముడతలలో చేరుతుంది. ఏళ్ళతరబడి దానిని వట్టి చేతులతో పీకిన రైతుకు ఒక ఏడు అకస్మాత్తుగా ముఖమంతా కమిలి, తోలువలె దళసరి కావచ్చు. ఇక్కడ పాఠశాలలకు ఒక మాట అవసరం. ఆవరణ శుభ్రపరచే దినాన పిల్లలచేత ఈ మొక్కను వట్టి చేతులతో పీకించడం తగదు. పూత పట్టకముందే, తొడుగులు, నిండుచేతుల చొక్కా ధరించిన పెద్దలు దీనిని వేళ్ళతో తీసివేయవలె. ఒక్కనాటి పనికి ఒక బాలుని చర్మం జీవితకాలపు జ్ఞాపకాన్ని మూల్యంగా ఇవ్వకూడదు.

ఇంతవరకు చెప్పినవి తాకితే చర్మాన్ని బాధించేవి. రోజుల ఆలస్యంతో పనిచేసేవి. నిమిషాలలో తుమ్ములు, ఉబ్బసం, దద్దుర్లు తెప్పించే వేరొక తెగ ఎలర్జీ ఉన్నది. దాని వెనుక ఉన్న రక్తంలోని పదార్థాన్ని 1966లో ఇషిజాకా దంపతులు గుర్తించారు. ఆ తెగలో ప్రముఖుడు పడకలో కాపురముంటాడు. 1964లో హాలెండు దేశపు లైడెన్ నగరంలో వోర్‌హోర్స్ట్, స్పీక్స్మా అనే పరిశోధకులు, ఇంటి దుమ్ము పడనివారికి నిజంగా పడనిది దుమ్ములోని ఒక సూక్ష్మమైన పురుగు అని చూపారు. మిల్లీమీటరులో మూడవవంతు ఉండే ఆ పురుగుకు మనుష్యుని ఒంటినుంచి రాలే చర్మపు పొట్టే ఆహారం. దాని శాస్త్రనామానికి అర్థమే చర్మభక్షకి. అది కరవదు, కుట్టదు. దాని విసర్జన గాలిలో కలిసి బాధిస్తుంది. తేమగాలి దానికి ఇష్టం కనుక కోస్తా ప్రాంతపు పరుపులు, దిండ్లు దానికి అనువైన నెలవులు. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి మరుగుకు దగ్గరగా కాగిన నీటిలో ఉతకడం, పరుపును మండుటెండలో ఆరవేయడం దీనికి విరుగుడు. ఎండలో పరుపులు వేసే నానమ్మకు పురుగు సంగతి తెలియకపోవచ్చు; ఆమె చేసిన పని మాత్రం సరియైనదే.

తోడుదొంగ

ఈ దొంగలందరికీ సహాయంగా ఇటీవల ఇంటింటా ఒక తోడుదొంగ ప్రవేశించాడు. వాడు మందుబీరువాలో ఉండే చిన్న గొట్టపు మందు. 1952లో సుల్జ్‌బర్గర్, విటెన్ అనే వైద్యులు హైడ్రోకార్టిసోన్ అనే స్టీరాయిడ్ మందును చర్మానికి పూతగా వాడి ఎగ్జిమాను తగ్గించవచ్చునని చూపారు. చర్మవైద్యంలో అది గొప్ప మలుపు. తగిన రోగానికి, తగిన బలంలో, తగినన్ని రోజులు వాడితే ఆ మందు నేటికీ ఉపకారమే.

అయితే ఆ జాతిలో దానికంటె అనేకరెట్లు బలమైనవి వచ్చినవి. అవి దురదను ఒక్కరాత్రిలో అణచివేస్తవి. దురద పోయింది కాబట్టి వ్యాధి పోయిందని ఇంటివారు సంతోషిస్తారు. నిజానికి దొంగ ఇంట్లోనే ఉన్నాడు. కుక్క నోరు కట్టివేశారు, అంతే. వ్యాధి తామర అయితే పరిస్థితి మరీ విషమిస్తుంది. తామర శిలీంధ్రం వలన వచ్చేది. శరీరం దానిమీద చేసే పోరాటమే ఎఱుపుగా, దురదగా కనిపిస్తుంది. స్టీరాయిడ్ పూత ఆ పోరాటాన్ని ఆపుతుంది. శిలీంధ్రం నిశ్శబ్దంగా వ్యాపిస్తుంది. ఇంటిల్లిపాదీ ఒకే తువాలు వాడే ఇళ్ళలో అందరికీ అంటుకొంటుంది. ముఖం తెల్లబడుతుందన్న ఆశతో ఇటువంటి పూతను నెలల తరబడి రాసుకొనే యువతీయువకులకు చర్మం పలుచబడి, సన్నని ఎఱ్ఱనరాలు తేలి, పూత మానిన నాడు ముఖం మండిపోతుంది. 2018లో భారత ప్రభుత్వం ఈ తెగకు చెందిన అనేక పైపూతలను వైద్యుని చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందుల పట్టీలో చేర్చింది. చట్టం దుకాణం గడప వరకే రాగలదు. పొరుగింటి గొట్టం అరువు తెచ్చుకొనే అలవాటును ఇంటివారే మానుకొనవలె.

దొంగను పట్టే విధం

ఈశ్వరునికి కూడా దొరకని ఇంటిదొంగను పట్టే ఉపాయం వైద్యశాస్త్రంలో ఉన్నది. 1895లో ఆస్ట్రియా దేశపు గ్రాట్జ్ నగరంలో జరిగిన చర్మవైద్యుల సభలో యోసెఫ్ యాడసోన్ దానిని వివరించాడు. అనుమానమున్న పదార్థాలను తగినంత పలుచన చేసి, వరుసగా చిన్న పట్టీలతో వీపు మీద అంటించి, రెండు రోజులు కదల్చకుండా ఉంచుతారు. తీసిన తరువాత, ఇంకొకటి రెండు రోజులు గడిచాక మళ్ళీ చూస్తారు. ఏ పట్టీ క్రింద ఎఱ్ఱబడి పొక్కు లేస్తే అదే నేరస్థురాలు. చర్మం చేత చర్మానికే సాక్ష్యం చెప్పించే పరీక్ష ఇది. రెండు రోజుల ఆలస్యం ఇందులో లోపం కాదు, ఆ వ్యాధి స్వభావమే. పెద్ద ఆసుపత్రుల చర్మవైద్య శాఖలలో ఈ పరీక్ష జరుగుతున్నది.

వైద్యుని వద్దకు పోకముందు చేయదగిన పని కూడా ఒకటి ఉన్నది. దానికి కావలసినది ఒక నోటుపుస్తకం. మచ్చ ఎక్కడ వచ్చింది? ఆ తావున ఏ వస్తువు తగులుతుంది? అంతకు ముందు మూడు రోజులలో చేతికి, ముఖానికి, బట్టకు ఏమేమి సోకినవి? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకొని, అనుమానమున్న వస్తువును కొన్ని వారాలు పూర్తిగా దూరంగా ఉంచి చూడవలె. సగం మానడం మానినట్లు కాదు; జ్ఞాపకమున్న చర్మానికి అణుమాత్రం చాలు. కూరగాయలను ఒకటొకటిగా వెలివేసి బిడ్డలకు, బాలింతలకు ఆహారం కరవు చేయడంకంటె ఈ లెక్క మేలైనది. పెదవులు వాయడం, ఊపిరి అందకపోవడం వంటివి కనిపిస్తే మాత్రం నోటుపుస్తకం పక్కన పెట్టి తక్షణం ఆసుపత్రికి పోవలసినదే.

సైన్సు ఉపాధ్యాయుడు తరగతిలో పరిశీలన, అనుమానం, పరీక్ష, నిర్ణయం అని నల్లబల్ల మీద రాసేటప్పుడు, ఆ నాలుగు మాటలూ పరీక్షనాళికలకే చెందినవని పిల్లలు తలుస్తారు. అమ్మ నుదుటి మచ్చకు, నాన్న మణికట్టు దురదకు, అక్క చెవి పుండుకు అవే మాటలు వర్తిస్తవని వారికి చెప్పేవారు కావలె. ఆ సాయంత్రం ఒక పిల్లవాడు ఇంటికిపోయి, "అమ్మా, ఒక నెల ఆ బిళ్ళ మాని చూడవూ?" అని అడిగితే, బడిలో చెప్పిన పాఠం వమ్ము కాలేదనుకోవచ్చు. తరగతిలో నుదుట తెల్లమచ్చతో ఒంటరిగా కూర్చున్న బాలిక పక్కకు మరొక బాలిక జంకు లేకుండా వచ్చి కూర్చుంటే, ఆ పాఠం పూర్తిగా ఫలించినట్లే.